రెండు డ్యాముల నడుమ మా ముత్తవ్వ

బుధవారం, నాగార్జునసాగర్

మా ముత్తవ్వను ఊళ్ళో అందరూ సాగరవ్వ అనేవాళ్ళు. నాగార్జునసాగర్ కట్టేటప్పుడు మొగుడితో కలిసి పాలమూరు నుంచి వలసపోయి, తొమ్మిదేండ్లు అక్కడ రాళ్ళు మోసింది. తిరిగొచ్చి కృష్ణ ఒడ్డున రెండెకరాలు కొనుక్కుని బతుకుతుంటే శ్రీశైలం డ్యాం నీళ్ళు వచ్చి ఇల్లూ పొలమూ రెండింటినీ ముంచాయి. ఈ రెండు సంగతులూ మా ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ఆమె ఎక్కడ పుట్టింది, సాగర్‌లో గుడిసె ఎక్కడ వేసుకుంది, మునిగిన ఇల్లు ఏ దిక్కున ఉండేది అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో ముక్క చెప్తారు. అన్ని ముక్కలూ తెలిసిన మనిషి ఇప్పుడు ఒక్కతే మిగిలింది. ముత్తవ్వ చిన్న కూతురు, మా తాత చెల్లెలు. నాకు చిన్నవ్వ. సాగర్ లేబర్ గుడిసెల్లోనే పుట్టింది. ఆమె మోకాళ్ళు సహకరిస్తున్నప్పుడే ఈ ఊళ్ళన్నీ తిరగాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. శ్రీశైలం నీళ్ళు బాగా కిందికి దిగేది ఎండాకాలంలోనే కాబట్టి మే నెల ఎండల్లో బయల్దేరాం. కారు మా తమ్ముడు నడిపాడు.

హైదరాబాద్ నుంచి ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి మీదుగా సాగర్ చేరేసరికి పదకొండు దాటింది. డ్యాం మీదికి ఇప్పుడు మామూలు జనాన్ని పోనివ్వరు. దిగువన కొత్త వంతెన మీద కారు ఆపుకుని చూశాం. సందర్శకులందరి కళ్ళూ 26 గేట్ల మీదే ఉంటాయి. చిన్నవ్వ మాత్రం గేట్ల వంక చూడలేదు. "గవి మేము పోయినంక పెట్టిన్రు బిడ్డా. మా అమ్మ మోసింది గా కింది గోడకు" అంది. గేట్ల పని పూర్తయ్యేసరికి 1974 అయింది. మా వాళ్ళు అంతకు చాలా ముందే, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ వచ్చి కాలువలకు నీళ్ళు వదలకముందే ఇంటిముఖం పట్టారు.

సాగర్ రాతి కట్టడం. ప్రపంచంలో రాతితో కట్టిన అతి పెద్ద డ్యాం ఇదేనని బడిలో చదువుకున్నాం. పునాది నుంచి 124 మీటర్ల ఎత్తు. అంత ఎత్తు రాయి ఎట్లా ఎక్కిందో బళ్ళో ఎవరూ చెప్పలేదు. అప్పటి ఫోటోల్లో కనబడుతుంది. గోడకు ఆనించి కర్రలతో కట్టిన పరంజి, దాని మీద వంకర్లు తిరుగుతూ పైకి పోయే ఏటవాలు బాట, ఆ బాట నిండా వరసగా నెత్తిన బరువుతో మనుషులు. సగానికి సగం ఆడవాళ్ళు. చిన్న రాయి, సిమెంటు మాలు తట్ట అయితే ఒక్కరు మోసేవాళ్ళు. పెద్ద రాయిని మోకులు కట్టి, బొంగు దూర్చి, మగవాళ్ళు నలుగురో ఎనిమిది మందో భుజాలకెత్తుకునేవాళ్ళు. ముత్తవ్వది మాలు తట్ట.

నేను చిన్నప్పుడు ఆమె తలకు నూనె రాసేదాన్ని. నడినెత్తిన ఒకచోట వెంట్రుకలు ఉండేవి కావు. రూపాయి బిళ్ళ కన్నా కొంచెం పెద్దగా, నున్నగా, చుట్టూ ఉన్న చర్మం కన్నా నలుపు. వేలు పెడితే గట్టిగా తగిలేది. నొప్పి పుడుతుందా అని అడిగితే "నొప్పేంది బిడ్డా, అది తట్ట కూసున్న జాగ" అనేది. పాత బట్టను మెలిపెట్టి చుట్టగా చేసి నెత్తిన పెట్టుకునేవాళ్ళు. సిమెంటు నీళ్ళు కారి ఆ బట్ట తడిసి, ఎండి, మళ్ళీ తడిసి గట్టిపడేది. ఆ చుట్టబట్ట కింద అన్నేండ్లు వెంట్రుకలు రాలిపోయాక ఇంక మొలవలేదు. ముత్తవ్వ పోయాక కూడా ఆమె ముఖం కన్నా ముందు నాకు గుర్తొచ్చేది ఆ చోటే.

మధ్యాహ్నం పైలాన్ కాలనీ వైపు వెళ్ళాం. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన గుర్తుగా కట్టిన పైలాన్ అది. ఇలాంటి ప్రాజెక్టులను దేవాలయాలన్నాడాయన. చిన్నవ్వ అక్కడ నీడకు కూర్చుని, రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు ఎక్కడన్నా రాసినారా చూడుపొమ్మంది. తమ్ముడూ నేనూ చుట్టూ తిరిగి చూశాం. మాకు కనబడలేదు.

గుంపు మేస్త్రీ సంగతి ఇక్కడ చెప్పాలి. పాలమూరు లేబర్ అన్న మాట దేశంలో డ్యాములు కట్టిన చోటల్లా తెలుసు. ఆ లేబర్‌ను కూడగట్టేది గుంపు మేస్త్రీ. వానలు మొహం చాటేసిన ఏడాది, అప్పు తీర్చాల్సిన వేళ చూసుకుని ఊళ్ళోకి వస్తాడు. మొగుడూ పెళ్ళాం కలిసి ఒక జోడీ. జోడీకి ఇంత అని అడ్వాన్సు చేతిలో పెడతాడు. ఆ డబ్బు అప్పులోడికి పోతుంది, మనుషులు మేస్త్రీ వెంట పోతారు. పనిచోట తిండికి ఖర్చులు ఇస్తాడు, లెక్క ఏడాది చివర చూస్తాడు. లెక్క అతని దగ్గరే ఉంటుంది, చదువు కూడా అతనికే వచ్చు. జ్వరం వచ్చి పడుకున్న రోజులు, కాన్పు రోజులు అన్నీ కోతే. చిన్నవ్వ పుట్టినప్పుడు ముత్తవ్వ తొమ్మిదో రోజున తట్ట ఎత్తుకుందట. పసిపిల్లను చెట్టుకు తొట్టెల కట్టి పడుకోబెడితే, పెద్ద పిల్లలు కాపలా. కాపలా ఉన్న ఆ పిల్లల్లో మా తాత ఒకడు. పదేండ్లవాడు. అతను బడికి పోలేదు. డ్యాం కట్టే తొమ్మిదేండ్లలో అతని చదువు వయసు మొత్తం అయిపోయింది. అందుకే మా నాయన చదువు విషయంలో తాత అంత మొండిగా ఉండేవాడని నాకు ఈ రోజే అర్థమైంది.

గుడిసెలు ఎక్కడుండేవో చిన్నవ్వ ఖచ్చితంగా చెప్పలేకపోయింది. ఒక గుట్ట వాలు చూపించి "గా మూలకు అనుకుంట, వాగు దాటాల్సి ఉంటుండె" అంది. వాగు ఇప్పుడు లేదు. ఇళ్ళున్నాయి. పరంజి మీది నుంచి జారిపడ్డవాళ్ళను కూడా ఆ వాగు ఒడ్డునే పూడ్చేవాళ్ళని ముత్తవ్వ ఆమెకు చెప్పేదట. ముత్తవ్వ పక్క గుడిసె ఆమె అట్లాగే పోయింది. ఆమె బిడ్డకు ముత్తవ్వ చిన్నవ్వతో పాటు పాలిచ్చి పెంచింది. ఆ బిడ్డ సంగతి చివర్లో మళ్ళీ వస్తుంది.

సాయంత్రం లాంచీ కనబడితే తమ్ముడు నాగార్జునకొండకు పోదామన్నాడు కానీ చిన్నవ్వ అలిసిపోయింది. ఇక్ష్వాకుల కాలం నాటి ఆ లోయను మునగకముందే ఏండ్ల తరబడి తవ్వి, దొరికిన శిల్పాలను కొండ మీదికి చేర్చి మ్యూజియం కట్టారు. మంచి పని చేశారు.

గురువారం, దేవరకొండ వైపు

ముత్తవ్వ పుట్టిన ఊరు దేవరకొండకూ చింతపల్లికీ నడుమ ఉంది. సాగర్ నుంచి గంటన్నర దారి. దారిలో పెద్ద అడిశర్లపల్లి దగ్గర అక్కంపల్లి రిజర్వాయర్ వైపు బోర్డు కనబడింది. కృష్ణ నీళ్ళను లిఫ్టులతో ఎత్తి ఆ చెరువులో నింపుతారు. అక్కడి నుంచే కోదండాపూర్‌లో శుద్ధిచేసి పైపుల్లో హైదరాబాద్‌కు పంపుతారు, 2004 నుంచి. మా ఇంటి నల్లాలో వచ్చేది ఆ నీళ్ళే.

ఊళ్ళో ముత్తవ్వ తమ్ముడి కొడుకు ఉన్నాడు. చిన్నవ్వకు మేనమామ కొడుకు, అంటే బావ వరస. గేటు దగ్గరే నిలబడి "ఏం మరదలా, ఇన్నేండ్లకు యాదికొచ్చినమా" అని పలకరించాడు. నిలబడ్డాడని రాశాను కానీ ఆ మనిషి నిటారుగా నిలబడలేడు. నడుము ముందుకు వంగిపోయింది. మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పాలి. మోకాళ్ళు బయటికి వంకరపోయాయి. నవ్వితే పళ్ళ మీద గోధుమరంగు చారలు. ఈ తావున చాలా ఊళ్ళలో ఒక వయసు దాటినవాళ్ళు ఇట్లాగే ఉంటారు. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదంటారు. ఇక్కడి నేలలో ఉన్న రాయిలోనే అది ఉంది కాబట్టి బావి ఎంత లోతుకు తవ్వితే అంత విషం. మర్రిగూడ, చింతపల్లి, మునుగోడు, దేవరకొండ. నల్లగొండ జిల్లా పేరు చెబితే ఫ్లోరోసిస్ గుర్తుకొచ్చేట్టు చేసిన ఊళ్ళివి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి లోకమంతా నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టుకుంది. పేరొచ్చింది గానీ ఇళ్ళలో కుండలో పోసుకునే నీళ్ళు చాలాకాలం మారలేదు.

ఆయన వయసులో ఉన్నప్పుడు సాగర్‌కు పోయి మేనత్తను చూసి వచ్చాడట. "అత్త అన్నది, రేయ్, ఈ నీళ్ళు మనూరికి గూడ వొస్తయంట అని. ఇంజినీరు సారు చెప్పిండంట" అన్నాడు. ఎడమ కాలువ ఇటు రాలేదు. ఈ నేల కాలువ మట్టం కన్నా ఎత్తున ఉంది. కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పోయింది, అక్కడ వరి పండింది. నాకు ఆ రైతుల మీద ఏ కోపమూ లేదు. కానీ ఆ ఇంజినీరు మాటను నమ్మి, పుట్టింటికి నీళ్ళొస్తాయని సంబరపడుతూ తట్ట మోసిన ఒక మనిషి ఉందని తెలిసి మనసు చాలా కష్టమైంది. ఇప్పుడు ఆ ఇంటి ముందు మిషన్ భగీరథ నల్లా ఉంది. కృష్ణ నీళ్ళే. ఆయన మనవరాలు ఆ నీళ్ళు తాగి పెరుగుతోంది, పళ్ళు తెల్లగా ఉన్నాయి. మాకు మజ్జిగ ఇచ్చింది ఆ పిల్లే.

పెళ్ళి సంగతి కూడా ఆయనే చెప్పాడు. తన తండ్రి దగ్గర విన్నది. ముత్తవ్వకు పన్నెండు, పదమూడేండ్లు. ఇంకా నైజాం కాలం. ఓలి కింద, అంటే పిల్లకు కట్టే సొమ్ముగా, నైజాం నాణేలైన హాలీ సిక్కా రూపాయలు లెక్కపెట్టి ఇచ్చారు. దేశ్‌ముఖ్ గడీలో ఆడపిల్లలను వెట్టికి పిలుస్తారన్న భయంతో వయసు రాకముందే దూరం సంబంధం చూసి పంపేశారట. దేవరకొండ తాలూకా నుంచి కొల్లాపూర్ దాకా ఎడ్లబండి మీద. డిండి వాగు దాటేటప్పుడు బండి దిగి, పెళ్ళికూతురే చీర ఎగగట్టి నడిచిందట. ఆ ఊరు వదిలిన మూడు నాలుగేండ్లకే నల్లగొండలో సాయుధ పోరాటం మొదలైంది. ఆమె తమ్ముడు ఆ పోరాటం నడిపిన సంఘంలో చేరాడు. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ అయ్యి నైజాం లొంగిపోయేదాకా అక్కాతమ్ముళ్ళకు ఒకరి కబురు ఒకరికి లేదు.

రాత్రికి అక్కడే ఉన్నాం. జొన్నరొట్టె, పచ్చిపులుసు. చిన్నవ్వా ఆయనా అర్ధరాత్రి దాకా వాకిట్లో మంచాలేసుకుని, పోయినవాళ్ళ పేర్లు చెప్పుకుంటూనే ఉన్నారు.

శుక్రవారం, కొల్లాపూర్

పెళ్ళి బండి పోయిన దారినే పోవాలని తమ్ముడి పట్టుదల. డిండి, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్, పెద్దకొత్తపల్లి. బండికి కొన్ని రోజులు పట్టిన దారి మాకు సగం పూట కూడా పట్టలేదు. దారి గురించి రాయడానికి పెద్దగా లేదు, ఎండ తప్ప.

కొల్లాపూర్ మామిడికి పేరు. ఊళ్ళోకి రాగానే బెనిషాన్ వాసన. ముత్తవ్వ కాపురానికి వచ్చినప్పుడు ఇది జటప్రోలు సంస్థానం. సురభి రాజులు మొదట కృష్ణ ఒడ్డున జటప్రోలులో ఉండి, తర్వాత కొల్లాపూర్‌ను రాజధాని చేసుకున్నారు. నైజాంకు కప్పం కడుతూ తమ ఏలుబడి తాము చేసుకునేవాళ్ళు. గద్వాల, వనపర్తి కూడా అంతే. 1949లో జాగీర్ల రద్దుతో ఆ రోజులు పోయాయి. రాజుగారి బంగళా గోడలు ఇంకా గట్టిగానే ఉన్నాయి.

మా పెద్దనాయన ఇంట్లో ఇనుప సందుగ ఉంది. అందులో ఉన్న కాగితం కోసమే నేను ఇక్కడ ఆగాను. శ్రీశైలం ముంపు కింద మా ఇంటికి నష్టపరిహారం లెక్కగట్టిన కాగితం. టైపు కొట్టింది. మడతల దగ్గర చిరిగితే వెనక నుంచి అన్నం మెతుకులతో ఇంకో కాగితం అంటించారు. మట్టిగోడల ఇల్లు ఒకటి, ఇంత పొడవు, ఇంత వెడల్పు. తలుపు ఒకటి. వేపచెట్టు ఒకటి. చింత ఒకటి. గొడ్లకొట్టం. పొలం రెండెకరాలు. అన్నింటికీ ఒక్కో వరస, వరసకు ఎదురుగా రూపాయలు. హక్కుదారు పేరు దగ్గర మా తాత పేరు, అతని తండ్రి పేరు. ముత్తవ్వ పేరు రెండు పక్కలా వెతికినా లేదు.

ఆ రెండెకరాలు ఎట్లా వచ్చాయో పెద్దనాయన చెప్పాడు. సాగర్ నుంచి వచ్చేటప్పుడు మేస్త్రీ లెక్కలు తేల్చగా మిగిలిన డబ్బుకు, తన వెండి కడియాలు అమ్మిన డబ్బు కలిపి ముత్తవ్వే బేరమాడి కొన్నది. రాయించింది మొగుడి పేర. 1974లో ఆయన పోయాక కొడుకు పేరుకు మారింది. ఇంతే. ఎవరూ ఆమెను మోసం చేయలేదు, అట్లా చేయడమే ఆనవాయితీ. కానీ వేపచెట్టుకు కూడా ఒక వరస ఉన్న కాగితంలో ఆమెకు లేదు. మా వాళ్ళ ముందే అన్నాను ఈ మాట. పెద్దనాయన కాసేపు కాగితం వంక చూసి, "మేము ఎన్నడు అట్ల సూడలేదు బిడ్డా" అన్నాడు.

శనివారం, సోమశిల నుంచి పాత ఊరికి

కొల్లాపూర్ నుంచి సోమశిల పది కిలోమీటర్ల లోపే. లలితాంబికా సోమేశ్వరాలయం ఒడ్డు మీద ఉంది. ముంపులో పోవాల్సిన గుళ్ళను ఈ చుట్టుపక్కల రాయి రాయికీ అంకె వేసి, విప్పి, ఎత్తున తిరిగి కట్టారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడి అట్లాగే కొత్త చోటికి వచ్చింది. కూడవెల్లి సంగమేశ్వరాలయం ఆలంపూర్ చేరింది. ఎన్నో వందల ఏండ్ల నాటి రాళ్ళను చిన్న పెచ్చు పోకుండా తరలించిన పనివాళ్ళంటే నాకు చాలా గౌరవం. వాళ్ళలోనూ పాలమూరు మేస్త్రీలు ఉండే ఉంటారు. అదే శ్రద్ధ మనుషులను తరలించేటప్పుడు ఎందుకు పెట్టలేకపోయామన్నదే నా బాధ. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కలిపి వందకు పైగా ఊళ్ళు మునిగాయి.

శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. ఎండాకాలంలో మట్టం దిగుతుంటే మునిగినవి ఒక్కొక్కటే బయటపడతాయి. అవతలి ఒడ్డున వేపమొద్దు లింగం ఉన్న సంగమేశ్వరం కూడా ఇట్లాగే ఏడాదిలో కొన్నాళ్ళు తేలుతుంది. మేం ఇంజిన్ పడవ మాట్లాడుకుని ఇంకోవైపు, మా పాత ఊరి దిక్కు వెళ్ళాం. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. అదే పేరుతో గట్టు మీద ఉన్న కొత్త ఊళ్ళో మావాళ్ళ కేసులు, అర్జీలు ఇంకా నడుస్తున్నాయి.

పడవలో చిన్నవ్వ 1981 గురించి చెప్పింది. నీళ్ళొస్తాయని ఏండ్ల నుంచి చెప్తుంటే ఎవరూ నమ్మలేదట. "పుష్కరాలు గూడ మంచిగ చేసుకుంటిమి. మల్లేడు ఊరే లేకపాయె" అంది. 1980లో కృష్ణా పుష్కరాలు. ఆమెకు అప్పటికి పెళ్ళయి పక్క ఊరికి పోయింది, ఆ ఊరూ ముంపే. ఇళ్ళు కూల్చడానికి బండ్లు వచ్చిన రోజు ముత్తవ్వ దూలాలు, దర్వాజ ఊడదీయించి ఎడ్లబండి మీద గట్టు ఎక్కించింది. ఊరంతా ఏడుస్తుంటే ఆమె ఏడవలేదట. డ్యాం అంటే ఏమిటో ఊళ్ళో అందరికన్నా ఆమెకే బాగా తెలుసు. "నేను కట్టి సూసిన. గోడ లేసినంక నీళ్ళు ఆగవు" అని అందరినీ ముందునుంచే తయారుగా ఉండమనేది. సామాను ముందే కదిలించిన ఇల్లు ఆ వాడలో మాది ఒక్కటే.

పడవ దిగితే ఎండిపోయి పగుళ్ళిచ్చిన ఒండ్రు. అడుగు వేస్తే పొర విరిగి కింద మెత్తగా దిగబడుతుంది. ఇళ్ళ ఆనవాళ్ళేవీ లేవు. రాళ్ళ కుప్పలు, ఒక బావి గట్టు, నల్లబడ్డ చింత మొద్దులు. మన ఇల్లు ఎక్కడ అని తమ్ముడు అడిగితే చిన్నవ్వ నేలను చూడలేదు, ఎదురుగా నల్లమల కొండలను చూసింది. రెండు కొండల మధ్య సందు కనబడేదాకా కుడికి జరిగింది. "మా వాకిట్ల నిలబడితే గా సందుల పొద్దు పొడుస్తుండె. ఇంకింత ఇటు." అట్లా జరుగుతూ జరుగుతూ ఆమె ఆగిన చోట ఒక టార్పాలిన్ గుడారం ఉంది.

గుడారంలో చేపలు పట్టేవాళ్ళు. విశాఖపట్నం వైపు సముద్రం ఒడ్డు నుంచి వచ్చి ఈ నీళ్ళ మీదే నెలల తరబడి ఉంటారు. ముందు పరిచిన వలల మీద చేపలు ఎండుతున్నాయి. ఒక ఆమె వాటిని తిరగేస్తోంది, వెనక తొట్టెలలో పిల్ల. చిన్నవ్వ వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. ఏ ఊరు, ఎన్నాళ్ళాయె వచ్చి, పిల్ల ఏడాదిదా అని మొదలుపెట్టి, అడ్వాన్సు ఎంత తీసుకున్నారని అడిగింది. ఆమె కాస్త ఆశ్చర్యపోయి, తర్వాత చెప్పింది. అడ్వాన్సు తీసుకునే వచ్చారు. లెక్క సేటు దగ్గర ఉంటుంది. చిన్నవ్వ వెంటనే "లెక్క నువ్వు గూడ రాస్కో. సదువు రాకపోతే గీతలు పెట్టు. మా అమ్మ గోడకు బొగ్గుతోని పెడుతుండె" అంది. ఈ సంగతి నాకు కూడా కొత్త. సాగర్ గుడిసెలో ముత్తవ్వ రోజుకొక బొగ్గుగీత గీసేదట. పని చేసిన రోజుకు నిలువు గీత, పని లేని రోజుకు అడ్డగీత. లెక్క చూసే రోజు మేస్త్రీని గుడిసె దాకా పిలిచి గోడ చూపించేది. ఎన్నిసార్లు గెలిచిందో తెలియదు కానీ, రెండెకరాలు కొనేంత మిగిలిందంటే ఆ గీతల పుణ్యం కొంతైనా ఉంటుందని నా నమ్మకం.

ఆ ఇంటి స్థలంలో మేం ఇంకేమీ వెతకలేదు. చిన్నవ్వ ఎండుచేపలు కొన్నది, బేరం ఆడకుండా.

తిరిగి వచ్చేటప్పుడు ఎల్లూరు మీదుగా వచ్చాం. రేగుమానుగడ్డ దగ్గర పంపులు పెట్టి ఈ నీళ్ళనే కల్వకుర్తి ఎత్తిపోతల పథకానికి ఎత్తుతున్నారు. సింగోటం, జొన్నలబొగుడ దాటి, గుడిపల్లిగట్టు మీదుగా లోపలి మండలాలకు పోతాయి. ఒకప్పుడు ఊళ్ళకు ఊళ్ళు వలసపోయిన చోట ఇప్పుడు రెండో పంటకు నాట్లు పడుతున్నాయి. ఊరు మునిగాక కృష్ణ నీళ్ళు ఇక్కడి చేలకు రావడానికి ముప్పై ఏండ్లు పట్టింది. ముత్తవ్వ అవి చూడలేదు.

ఆదివారం, కొత్త ఊరు

గట్టు మీది ఊరు. సమానంగా కొలిచి ఇచ్చిన ప్లాట్లు, తిన్నని వీధులు, పాత ఊరి నుంచి తెచ్చిన దర్వాజలు. మా ఇంటి దర్వాజ కూడా అదే, గడప మధ్యలో అరిగిపోయి ఉంది. పొద్దున్నే పదిమంది దాకా వచ్చి కూర్చున్నారు. ముందు నడిచినదంతా జీవో మాటే. శ్రీశైలం నిర్వాసిత కుటుంబాలవాళ్ళకు ఉద్యోగాలు ఇవ్వాలని 1986లో 98 జీవో వచ్చింది. దాని కోసం అర్జీలు పెట్టుకున్న కుర్రవాళ్ళకు ఇప్పుడు మనవళ్ళు పుట్టారు. ఒకాయన తన ఫైలు మొత్తం నాకు చూపించాడు, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తేదీల వరసలో. అంత ఓపిక నాకు ఉండేది కాదు.

తర్వాత నేను నోట్‌బుక్ తీసి, సాగర్‌కు ముత్తవ్వతో పాటు పోయినవాళ్ళెవరో చెప్పమన్నాను. ముఖ్యంగా ఆడవాళ్ళు. మొదట ఎవరూ మాట్లాడలేదు. మేస్త్రీ పేరు చెప్పారు, మగవాళ్ళ పేర్లు నాలుగు చెప్పారు. "ఆని పెండ్లాం" అన్నారే గానీ పేరు రాలేదు. చిన్నవ్వ ఊరుకోలేదు. "పెండ్లాం అంటే ఏం పెండ్లాం, ఆమెకు పేరు లేదా?" అని ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టింది. పక్క వీధికి పిల్లవాడిని పంపింది. ఎవరో ఫోన్ చేసి, కూలికి పోయి పుణెలోనే స్థిరపడ్డ వాళ్ళమ్మను లైన్లోకి తెచ్చారు. ఒక పేరు వస్తే దాని వెనక ఇంకోటి వచ్చింది. కాన్పులో పోయిన ఆమె. మేస్త్రీతో కొట్లాడి మధ్యలోనే నడిచి వచ్చేసిన ఆమె. ఇద్దరు అక్కాచెల్లెళ్ళు, ఒకే గుడిసె.

పరంజి మీది నుంచి పడిపోయిన ఆమె పేరు మాత్రం ఎవరికీ రాలేదు. అప్పుడు చిన్నవ్వ తన ఫోన్ నాకిచ్చి ఒక నంబరు కలపమంది. ముత్తవ్వ పాలు తాగి పెరిగిన ఆ బిడ్డ. ఇప్పుడు అచ్చంపేటలో మనవళ్ళతో ఉంటుందట. చిన్నవ్వను "అక్కా" అని పిలుస్తుంది. సంగతి విని, తల్లి పేరు చెప్పింది, ఇంటిపేరుతో సహా. నేను రాస్తుంటే, సరిగ్గా రాశానో లేదో ఒకసారి చదివి వినిపించమంది. చదివాను.

అంతలో మా వాకిలి ముందుకు కర్ర పట్టుకుని ఒక ముసలామె వచ్చింది. ఎవరో కబురు చెప్పారట. లోపలికి కూడా రాకుండా అరుగు దగ్గరే నిలబడి, మా అమ్మ పేరు రాసినావా అని అడిగింది. రాశానన్నాను. ఎన్నో పేరుగా రాశావు అంది. పదకొండో పేరు అన్నాను. "అట్ల ఎట్లయితది? సాగర్‌కు మీ అవ్వ కన్నా ఒక ఏడు ముందుగాల పోయింది మా అమ్మ. పైన రాయి" అని, నేను పేజీ తిప్పి కొత్తగా మొదలుపెట్టేదాకా అక్కడి నుంచి కదలలేదు.